జున్నుపాలు పాలు కావట!

కొంపల్లి ఒకప్పుడు ద్రాక్షతోటల ఊరు. ఇప్పుడు హైదరాబాదు నగరం పెరిగి పెరిగి ఆ తోటల మీదికి వచ్చేసింది. నాగపూర్ రోడ్డుకు రెండు పక్కలా మేడలు, హోటళ్ళు, పెళ్ళి మంటపాలు. అయినా మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో రోడ్డు దిగి కాస్త లోపలికి వెళితే బర్రెల కొట్టాలు ఇంకా కనిపిస్తాయి. తెల్లవారకముందే పాలు పితికి, క్యాన్లు మోటారు సైకిలుకు కట్టుకుని పాలవాళ్ళు ఊళ్ళోకి బయలుదేరతారు. అలా వచ్చిన పాలాయన ఎప్పుడో ఒకనాడు, రోజూ పోసే పాలతోపాటు ఒక చిన్న సీసా కూడా చేతికిచ్చి, "బర్రె ఈనిందమ్మా, జున్నుపాలు!" అంటాడు. ఆ సాయంత్రం ఇంట్లో పిల్లలకు పండుగే.

బెల్లం కరిగించి పోసి, నాలుగు మిరియాలు, రెండు యాలకులు దంచి వేసి, ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెడితే అరగంటలో ముక్కలు కోసుకునేటట్టు గట్టిపడే ఆ వింత పదార్థాన్ని మీరు తినే ఉంటారు. అయితే ఒక సంగతి మీకు తెలిసి ఉండదు. మన చట్టం ప్రకారం జున్నుపాలు పాలు కానే కావు!

నవ్వులాటకు అనడం లేదు. మన దేశంలో ఆహారపదార్థాల కల్తీని అరికట్టడానికి 1954లో ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. అది 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చింది. పాలంటే ఏమిటో ఈ చట్టాల కింద చేసిన నిబంధనలు చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న పాడిపశువును పూర్తిగా పితికితే వచ్చేవి పాలు. వాటిలో ఏమీ కలపరాదు, వాటినుంచి ఏమీ తీయరాదు. అంతవరకు మనం అనుకునేదే. చివర ఇంకొక మాట కూడా ఉంది: అందులో ముర్రుపాలు ఉండరాదు. ఈనిన పశువు మొదటి రెండు మూడు రోజులు ఇచ్చేవే ముర్రుపాలు. జున్నుపాలన్నా అవే.

పాలలో నీళ్ళు కలపరాదంటే అర్థం చేసుకోవచ్చు. పాలకన్నా చిక్కటి పాలను కలపరాదనడం ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు జున్ను ఎందుకు గట్టిపడుతుందో తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో చీజ్ అనే మాటకు కూడా 'జున్ను' అనే రాస్తుంటారు. అనువాదకులకు ఇంకో మాట దొరకలేదు కాబోలు! నిజానికి ఈ రెండూ చుట్టాలే కాని ఒక్కటి కాదు. రెండూ పాలు గట్టిపడగా వచ్చినవే. గట్టిపడే పద్ధతులు మాత్రం వేరు.

పాలలో రెండు రకాల మాంసకృత్తులు ఉన్నాయి. మొదటిది కేసీన్. ఇది కంటికి కనబడని చిన్నచిన్న ఉండలుగా పాలలో తేలుతూ ఉంటుంది. ప్రతి ఉండ చుట్టూ నూగులాంటి కొసలు ఉంటాయి. ఆ కొసలు ఉండలను ఒకదానికొకటి అంటుకోనివ్వవు. పాలలేగ నాలుగో జీర్ణాశయంలో రెన్నెట్ అనే రసం ఊరుతుంది. అందులోని ఎంజైము ఆ నూగును కత్తిరించివేస్తుంది. దాంతో ఉండలన్నీ ఒకదానినొకటి పట్టుకుని గడ్డకడతాయి. చీజ్ తయారీకి ఇదే మూలం. దీనికి పాలు గోరువెచ్చగా ఉంటే చాలు, కాచనక్కరలేదు. కేసీన్ వేడికి జంకదు కూడా. మనం రోజూ పాలు పొంగేదాకా కాచినా అవి గడ్డకట్టడం లేదు కదా!

రెండో రకం మాంసకృత్తులు పాలతేటలో కరిగి ఉంటాయి. ఇవి కోడిగుడ్డు తెల్లసొనలాంటివి. వేడి తగిలితే ముడుచుకుని, పెనవేసుకుని గట్టిపడతాయి. మామూలు పాలలో ఇవి చాలా తక్కువ కాబట్టి కాచినప్పుడు వాటి ప్రభావం మనకు కనిపించదు. ముర్రుపాలలో ఇవే రాజ్యం చేస్తాయి. ఆవుపాలలో మామూలుగా నూటికి మూడున్నర పాళ్ళ దాకా మాంసకృత్తులు ఉంటే, ఈనగానే పితికిన పాలలో దాదాపు 14 పాళ్ళు ఉంటాయి. రెండో పితుకులో అవి 8కి దిగుతాయి. మూడో పితుకులో 5కు వస్తాయి.

మీ అమ్మమ్మ ఈ లెక్కలేవీ చదవకుండానే వాటిని పాటిస్తుంది. మొదటి పూట పాలైతే ఒక గ్లాసుకు రెండు మూడు గ్లాసుల మామూలు పాలు కలుపుతుంది. లేకపోతే జున్ను రాయిలా అవుతుందని ఆమెకు తెలుసు. రెండోనాటి పాలైతే తక్కువ కలుపుతుంది. మూడోనాటివైతే ఏమీ కలపదు, అయినా జున్ను మెత్తగానే వస్తుంది. "ఎన్నో పూట పాలు?" అని పాలాయనను అడిగిన తరువాతే ఆమె గిన్నె చేతికి తీసుకుంటుంది, గమనించారా?

ఈ తేడాను మీరే చేసి చూడవచ్చు. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో కాచిన వేడిపాలు పోసి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. పాలు విరిగి తెల్లటి తరకలు, పచ్చటి తేట విడిపోతాయి. ఇది కేసీన్ పులుపుకు గడ్డకట్టడం. పనీర్ ఇలా వచ్చేదే. రెండో గ్లాసులో కోడిగుడ్డు తెల్లసొన కొద్దిగా వేసి, ఆ గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. నిమ్మరసం లేకుండానే అది గట్టిపడుతుంది. జున్ను గట్టిపడేదీ ఇలాగే. మూడో గ్లాసులో మామూలు పాలు పోసి అదే వేడినీళ్ళలో ఉంచితే ఏమీ కాదు. వేడినీళ్ళతో పని కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళను దగ్గర ఉండమనండి.

ఇప్పుడు చట్టం దగ్గరకు మళ్ళీ వద్దాం. డెయిరీలో పాలను పాశ్చరీకరణ చేస్తారని చదువుకున్నారు కదా? పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేసి 15 సెకండ్లు అలాగే ఉంచి వెంటనే చల్లబరుస్తారు. పాతపద్ధతిలో అయితే 63 డిగ్రీల వద్ద అరగంట ఉంచుతారు. ఇప్పటి డెయిరీలలో పాలు పలుచటి ఉక్కు పలకల సందుల్లోంచి పారుతూ వేడెక్కుతాయి. అందులో ముర్రుపాలు కలిశాయనుకోండి, ఆ పలకల మధ్యనే జున్ను తయారవుతుంది! అందుకే పాలు డెయిరీకి రాగానే ఒక చిన్న పరీక్ష చేస్తారు. పరీక్షనాళికలో కాసిని పాలు పోసి మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచుతారు. గడ్డకడితే ఆ క్యాను వెనక్కి పోవలసిందే. పులిసిన పాలు కూడా ఈ పరీక్షలో దొరికిపోతాయి.

డెయిరీ తీసుకోదు కనుక ఆ నాలుగు పూటల పాలు రైతు ఇంట్లోనే మిగులుతాయి. జున్నుపాలు ఇరుగుపొరుగులకు పంచడం మన పల్లెల్లో పాత ఆచారం. అమ్మడం నగరం నేర్పిన విద్య. ఇప్పుడు హైదరాబాదు వీధుల్లో వండిన జున్నును పళ్ళెంలో పెట్టి, ముక్కలు కోసి, తూకం వేసి అమ్ముతున్నారు. గిరాకీ బాగానే ఉంది. గిరాకీ ఉన్నచోట మరొక ప్రశ్న వస్తుంది. దూడ సంగతేమిటి?

మనిషి బిడ్డకు తల్లి గర్భంలో ఉండగానే రోగాలతో పోరాడే యాంటీబాడీలు మాయ ద్వారా కొంత అందుతాయి. ఆవు, గేదెలలో మాయ నిర్మాణం వేరు. అందులోంచి యాంటీబాడీలు దాటలేవు. కాబట్టి దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో అవి లేనట్టే లెక్క. కొట్టంలోని ప్రతి సూక్ష్మజీవికీ అది ఎదురులేని విందు. దానికున్న రక్ష ఒక్కటే, ముర్రుపాలు. జున్నును గట్టిపరిచే ఆ మాంసకృత్తులలో పెద్దభాగం ఈ యాంటీబాడీలే! మనం చెంచాతో కోసుకు తినేది దూడకు ప్రకృతి ఇచ్చిన టీకాలాంటిది.

పైగా దీనికి గడువు ఉంది. పుట్టిన కొత్తలో దూడ పేగుగోడలు యాంటీబాడీలను చెక్కుచెదరకుండా రక్తంలోకి పోనిస్తాయి. గంట గంటకూ ఆ దారి ఇరుకవుతూ, సుమారు 24 గంటలకు పూర్తిగా మూసుకుపోతుంది. ఆ తరువాత ఎన్ని ముర్రుపాలు తాగించినా అవి ఆహారంగా అరిగిపోతాయే తప్ప రక్తంలోకి చేరవు. దూడ బరువులో పదోవంతు ముర్రుపాలు మొదటిరోజునే తాగించాలని పశువైద్యులు చెబుతారు. 30 కిలోల దూడకు 3 లీటర్లన్నమాట. అందులో సగానికి పైగా మొదటి ఆరు గంటల్లోనే పడాలి. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు పోనివ్వకూడదనే నమ్మకం మన ఊళ్ళలో ఇంకా ఉంది. అది పొరపాటు. దూడ చీకితే తల్లి శరీరంలో ఊరే హార్మోను మాయ పడటానికి సాయమే చేస్తుంది.

పల్లెలో ఇంటి బర్రె ఈనితే దూడ తాగగా మిగిలినవే జున్నుకు. నగరం అంచున ఉన్న కొట్టాలలో ఈ వరుస ఒక్కొక్కప్పుడు తలకిందులవుతుంది. ముఖ్యంగా పుట్టింది మగదూడ అయితే! దున్నడానికి దున్నలు అక్కరలేని కాలం ఇది. మగదూడకు ధర లేదు, జున్నుపాలకు మంచి ధర ఉంది. మిగతాది నేను చెప్పనక్కరలేదు. కొనేవాళ్ళు, "దూడ తాగిందా?" అని ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? మా ఇంట్లో అడుగుతాం. ఒకసారి పాలాయన కాసేపు ఆలోచించి, సీసా వెనక్కి తీసుకుని, సాయంత్రం తెస్తానని వెళ్ళిపోయాడు.

ఇక మన ఆరోగ్యం మాట. పచ్చిపాలలో ఏముంటుందో తెలుసుకోవాలంటే మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే చిన్న దీవికి వెళ్ళిరావాలి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ బ్రిటిషు సైన్యం ఉండేది. సైనికులకు వింతజ్వరం వచ్చేది. రావడం, తగ్గడం, మళ్ళీ రావడం, ఇలా నెలల తరబడి. కీళ్ళనొప్పులు, రాత్రిపూట చెమటలు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఆయన పేరు మీదనే దానికి బ్రూసెల్లా అని పేరు వచ్చింది. సూక్ష్మజీవి దొరికింది కాని, అది మనిషికి ఎలా చేరుతున్నదో మరి 18 ఏళ్ళదాకా తెలియలేదు. గాలి అన్నారు, నీరు అన్నారు, దోమలన్నారు.

మాల్టాలో మేకల మందలను వీధుల్లో తోలుకుంటూ వచ్చి, ఇంటి గడపముందే పితికి పోసేవారు. కళ్ళముందు పితికిన పాలకన్నా స్వచ్ఛమైనవి ఏముంటాయి? అందరూ అలాగే అనుకున్నారు. 1905లో మాల్టావాడే అయిన వైద్యుడు థెమిస్టోక్లీస్ జమ్మిట్ మేకల రక్తం పరీక్షించి చూశాడు. చూడటానికి నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉన్న మేకలలోనే బ్రూసెల్లా ఉంది! వాటి పాలలోనూ ఉంది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు. జ్వరం కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. కథ అక్కడితో ముగిసిందనుకోకండి. 1995లో మాల్టాలో బ్రూసెల్లా మళ్ళీ చెలరేగింది. ఈసారి కారణం పచ్చిపాలతో చేసిన తాజా చీజ్.

చూశారా? పాలను కాచే అలవాటు ఉన్న ఇంట్లోకి కూడా చీజ్ రూపంలో పచ్చిపాలు రాగలవు. అందుకే పచ్చిపాల చీజ్ అమ్మకం మీద అనేక దేశాలు నియమాలు పెట్టుకున్నాయి. 1940లలో అమెరికాలో చీజ్ వల్ల టైఫాయిడ్ వ్యాపించింది. ఆ అనుభవంతో 1949లో అక్కడ ఒక నియమం చేశారు. పాశ్చరీకరణ చేయని పాలతో చీజ్ చేస్తే దానిని కనీసం 60 రోజులు మాగబెట్టిన తరువాతే అమ్మాలి. ఆ రోజుల్లో చల్లదనం 35 డిగ్రీల ఫారన్‌హీటుకు, అంటే సుమారు 1.7 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గకూడదు.

మరీ చల్లగా ఉండకూడదని ఎందుకన్నారో ఆలోచించండి. చల్లదనం సూక్ష్మజీవిని చంపదు, నిద్రపుచ్చుతుంది. చీజ్ మాగేటప్పుడు అందులోని పులుపు, ఉప్పు, తేమ తగ్గడం, ఈ మూడూ కలిసి సూక్ష్మజీవులను చంపుతాయి. ఆ పని జరగాలంటే కాస్త వెచ్చదనం కావాలి. అయితే కొన్ని మొండి సూక్ష్మజీవులు 60 రోజులు దాటినా బతికే ఉంటాయని తరువాతి పరిశోధనల్లో బయటపడింది. అందులో లిస్టీరియా అనేది మరీ గడుసుది, అది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కర్మాగారం చేసిన మెత్తటి చీజ్ వల్ల ఒక్క లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోనే 142 మంది జబ్బుపడ్డారు. 48 ప్రాణాలు పోయాయి. వాటిలో 30 గర్భంలోని శిశువులు, అప్పుడే పుట్టిన పిల్లలు. ఆ చీజ్ పచ్చిపాల చీజ్ అని ఎవరూ అమ్మలేదు. పాశ్చరీకరణ చేసిన పాలలో పచ్చిపాలు కలిశాయి, అంతే.

ఇంకోవైపు ఫ్రాన్సు ఉంది. నార్మండీ కామెంబేర్ అనే పేరుగల చీజ్‌ను పచ్చిపాలతోనే చేయాలని అక్కడి నియమం! ఇటలీలో పార్మీజానో రెజ్జానో కూడా పచ్చిపాలదే. దానిని కనీసం 12 నెలలు మాగబెడతారు. అక్కడివారు పాలను కాచడం బదులు పశువులను, కొట్టాలను, పాత్రలను వరుసగా పరీక్షిస్తూ ఉంటారు. ఆ రుచి పోగొట్టుకోవడం వారికి ఇష్టం లేదు. గర్భిణులు మాత్రం మెత్తటి పచ్చిపాల చీజ్ తినవద్దని వారే చెబుతారు.

మరి మన దేశం? మనకు పచ్చిపాలు తాగే అలవాటు తక్కువ. కాచకుండా తోడు కూడా పెట్టం. కొత్త ఇంట్లో అడుగుపెడితే మొదట చేసేది పాలు పొంగించడం! అందుకే మన నిబంధనలు పచ్చిపాల అమ్మకాన్ని ఆపలేదు. పాలు ఏ రకానివో చెప్పి అమ్మాలంటాయి. 2011 నిబంధనలలో ఒక తమాషా వాక్యం ఉంది. ఏ పాలో చెప్పకుండా అమ్మితే వాటిని గేదెపాలుగానే లెక్కించాలట! అంటే వెన్న నూటికి 5 పాళ్ళు, వెన్నకాని ఘనపదార్థాలు 9 పాళ్ళు ఉండవలసిందే. ఆవుపాలు పోసి ఊరుకున్న పాలవాడు చిక్కుల్లో పడతాడన్నమాట. చీజ్ విషయంలో మన నియమం దూడ పక్షం వహించింది. జంతువునుంచి తీసిన రెన్నెట్ వాడకూడదు, వేరే పద్ధతులలో తయారైన ఎంజైములే వాడాలి. పాలను చిన్న ఎత్తున సేకరించి అమ్మేవారికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. రోజుకు 500 లీటర్ల దాకా ఉన్నవారిని 2011 నిబంధనలు చిన్న వ్యాపారులుగా లెక్కకట్టాయి. పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్యులకు ఆ బెడద లేదు.

జున్ను మాత్రం ఈ రెండు దారుల మధ్య నిలబడింది. పచ్చిపాలతో మొదలవుతుంది, ఆవిరిలో ఉడుకుతుంది. అందులో బ్రూసెల్లా చస్తుందా? ఇక్కడ కొంత భౌతికశాస్త్రం ఉంది. పాలు కాస్తున్నప్పుడు అడుగున వేడెక్కిన పాలు పైకి లేస్తాయి, పైవి కిందికి దిగుతాయి. వేడి త్వరగా అంతటా పరచుకుంటుంది. జున్ను గట్టిపడటం మొదలయ్యాక ఆ కదలిక ఆగిపోతుంది. వేడి అంచులనుంచి నెమ్మదిగా పాకుతూ నడిమికి చేరాలి. లోతైన డబ్బాలో పోసి ఉడికిస్తే అంచులు గట్టిపడి, నడుమ ఇంకా పచ్చిపాలే ఉండవచ్చు. పెద్దవాళ్ళు నడిమధ్యన చాకు గుచ్చి చూస్తారే, అది రుచికోసం చేసే పరీక్షే అయినా మంచి ఉష్ణమాపకం కూడా. నడుమ గట్టిపడి చాకు శుభ్రంగా వచ్చిందంటే అక్కడి వేడి 65, 70 డిగ్రీల ప్రాంతం దాటినట్టే. పెద్ద పశుశాలల్లో దూడలకు పట్టే ముర్రుపాలను సరిగ్గా 60 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచుతారు. అంతకంటే వేడి పెరిగితే జున్నైపోతుందని! చాకు పరీక్ష అయ్యాక మరో పది నిమిషాలు ఆవిరిలో ఉంచితే జున్నులో బ్రూసెల్లా భయం ఉండదు.

అసలు భయం ఉడికిన తరువాతే. ముక్కలు కోసే చెయ్యి, ఈగలు, ఎండలో గంటల తరబడి ఉన్న పళ్ళెం, ఇవే ముఖ్యం. చేతిమీది కురుపులో ఉండే స్టఫైలోకాకస్ జున్నులో పెరిగి విషం విడుస్తుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు పెరుగుతాయని వంటశాలల్లో పనిచేసేవారికి నేర్పుతారు. మన వేసవి మధ్యాహ్నం ఎటువైపు పడుతుందో మీరే చూసుకోండి. వీధిలో కొనేటప్పుడు గాజుపెట్టెలో మూసి ఉన్నదా, ఎప్పుడు ఉడికించారు అని అడగడం తప్పుకాదు. సీసాలో పచ్చి జున్నుపాలే కొంటే ఆ పశువు ఆరోగ్యంగా ఈనిందా అని అడగండి. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండా దూడను వదిలేసిన పశువు పాలలో బ్రూసెల్లా ఉండే అవకాశం ఎక్కువ.

ఈసారి కొట్టంవైపు వెళితే దూడల చెవులు చూడండి. పసుపుపచ్చ బిళ్ళ, దానిమీద పన్నెండు అంకెల సంఖ్య ఉంటాయి. 2019 సెప్టెంబరులో దేశమంతటా పశువ్యాధుల నివారణ కార్యక్రమం మొదలైంది. అందులో భాగంగా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసుగల ఆడదూడలకు జీవితంలో ఒక్కసారి బ్రూసెల్లా టీకా వేస్తారు. ఆ టీకా తయారుచేసే సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోనే ఉంది. 1982లో జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి సంస్థ స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్. టీకా వేసేవారితో ఒక మాట చెప్పవలసి ఉంటుంది. అందులో ఉండేది బలహీనపరిచిన సజీవ బ్రూసెల్లా. సూది పొరపాటున మనిషికి గుచ్చుకుంటే జ్వరం వస్తుంది. అందుకే వారు చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటారు. మీరు దూరంగా నిలబడి చూడండి.